ఇద్దరూ ఒకరేనా

నవంబర్ 4, సోమవారం

ఇమ్ అక్క పాత పేరునీ కొత్త పేరునీ కలిపింది నేనే. గోడంత తెర మీద, అన్ని బ్రాంచీలూ చూస్తుండగా కలిపి చూపించాను. చప్పట్లు కొట్టారు.

ముందు ఇది రాసేశాను కాబట్టి ఇక మిగతాది రాసుకోవచ్చు.

ఖోన్‌కేన్‌లో ఉన్న ఆ రెండో కోల్డ్ లారీల కంపెనీని మావాళ్ళు కొన్నప్పటి నుంచీ ఖున్ థనిత్‌ది ఒకటే గోల. ఆయన ప్లానింగ్‌కి పెద్ద. పేరు ముందు ఖున్ అని, గారు అన్నట్టు, తగిలించకుండా పిలిస్తే మొహం మాడ్చుకుంటాడు. ఆయన గోలేంటంటే, అక్కడి సంగతులు అక్కడే, ఇక్కడి సంగతులు ఇక్కడే ఉండిపోతున్నాయని. మహాచాయ్ రేవులో మేం ఎక్కించిన రొయ్య లావోస్ సరిహద్దులో ఎందుకు ఆగిపోయిందో ఇక్కడ ఒక్కడికీ తెలియదు. అందుకే నాతో ఈ పని చేయించాడు. లారీ ఒక చుక్క, డ్రైవరు ఒక చుక్క, కస్టమరు ఒక చుక్క, పాడైన కంప్రెసరు ఒక చుక్క. దేనికి దేనితో సంబంధం ఉంటే ఆ రెంటి మధ్యా ఒక గీత. ఒక పేరు కొడితే చాలు, దానికి తగులుకున్నవన్నీ పైకి వస్తాయి. ఆయన దాన్ని నాలెడ్జ్ గ్రాఫ్ అంటాడు. కింద సరుకు ఎక్కించే డాక్ మీద అందరూ వల అంటారు. నాకూ వల అనడమే ఇష్టం.

ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. చేపల పెట్టెలు మోస్తూ, ఫోన్‌లో వీడియోలు చూసి, పనికిరాదని పారేసిన కంప్యూటర్ మీద చేసి చెడగొట్టి, మళ్ళీ చేసి నేర్చుకున్నాను. పైఅంతస్తులో కోట్లు వేసుకున్నవాళ్ళు ఏడాది మాట్లాడుకున్నారు, నేను కట్టి చూపించాను.

ఇవాళ మీటింగులో ఖున్ థనిత్ మైకు తీసుకుని మొదలుపెట్టాడు. "ఖోన్‌కేన్‌లో లమ్‌డువన్ అని ఒకావిడ ఉండేది. లావోస్ సరుకు గురించి ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఏ కాగితం ముందు పెట్టాలి, ఏ ఆఫీసరు ఏ పూట దొరుకుతాడు, అన్నీ ఆమె తలలోనే. ఒకరోజు చెప్పాపెట్టకుండా మానేసింది. ఆమెతో పాటే ఆ తెలివంతా పోయింది. నిజంగా పోయిందా? తావ్, ఆ పేరు కొట్టు."

కొట్టాను. లమ్‌డువన్ అనే చుక్క వచ్చింది. దాంట్లోంచి ఒక గీత సాగి సాగి మహాచాయ్ దాకా వచ్చి, వరిస్సరా అనే చుక్క దగ్గర ఆగింది. పక్కనే ఇద్దరి గుర్తింపు కార్డు ఫోటోలు. ఒకదాంట్లో జుట్టు పొడుగు, ఒకదాంట్లో పొట్టి. మొహం ఒకటే.

"ఆమె ఎక్కడికీ పోలేదు, మన మధ్యే కూర్చుంది," అన్నాడాయన. "ఖున్ వరిస్సరా, ఒక్కసారి లేవండి."

మేమంతా ఇమ్ అనే ముద్దుపేరుతో పిలిచే మనిషి మూడో వరసలో లేచి నిలబడింది. చేతులు జోడించింది. నవ్వింది.

నవ్వింది. అది గుర్తుపెట్టుకోవాలి.

అయినా పేరు మార్చుకోవడం అంత వింతా? మా అమ్మ మార్చుకుంది, పాత పేరులో ఒక అక్షరం తన జాతకానికి పడదని గుళ్ళో భిక్షువు చెప్పాడని. అకౌంట్స్‌లో ఒకావిడ పెళ్ళికి ఒకసారి, పెళ్ళి పెటాకులయ్యాక ఒకసారి మార్చుకుంది. పొద్దున జిల్లా ఆఫీసుకి వెళ్తే మధ్యాహ్నం భోజనానికి కొత్త మనిషిగా బయటికొస్తారు. ఇమ్ అక్క కూడా అదృష్టం కోసమే మార్చుకుని ఉంటుంది అనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు. కార్డు మీద పేరు మారుతుంది గానీ పదమూడు అంకెల నంబరు చచ్చేదాకా మారదు. కలిపింది ఆ నంబరు. నేను కాదు.

పైన 'కలిపింది నేనే' అని రాసింది కొట్టేయాలా? వద్దు, ఉండనీ.

నవంబర్ 5

అక్క పనికి రాలేదు.

నవంబర్ 6, బుధవారం

వచ్చింది. డాక్ చివర, ప్లాస్టిక్ తెరల పక్కన నిలబడి పెట్టెల మీద చీటీలు అంటిస్తోంది. నేను కిందికి దిగి వెళ్ళేసరికి ఎప్పటిలాగే అడిగింది.

"తిన్నావా?"

"తిన్నా. నిన్న ఒంట్లో బాలేదా అక్కా?"

"బాగానే ఉంది. తావ్, సోమవారం మీటింగు ఖోన్‌కేన్ వాళ్ళు కూడా చూశారా?"

"అన్ని బ్రాంచీలూ చూశాయి. అక్కడ క్యాంటీన్ టీవీలో పెట్టారంట."

"డ్రైవర్లు?"

"ఆ వేళకి లోడింగ్ ఉండదుగా. తింటూ చూసే ఉంటారు."

చేతిలో ఉన్న చీటీని వంకరగా అంటించి, పీకి, తిన్నగా అంటించింది. అప్పుడు చెప్పింది. "నా మొగుడు అక్కడ డ్రైవరు."

"మాజీ మొగుడా?"

"నాకు మాజీ. వాడికి కాదు."

ఎడం చెయ్యి నా ముందు చాపింది. మోచెయ్యి దగ్గర అది పూర్తిగా తిన్నగా రాదు. అందరికీ తెలిసిందే. పెట్టె మీద పడిందని తనే చెప్పేది. "పెట్టె కాదు," అంది ఇవాళ. "లారీ తలుపు. వాడు పట్టుకుని వేశాడు. వేసి, వాడే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. దారంతా ఏడ్చాడు కూడా. ఆసుపత్రిలో నర్సులందరూ ఎంత మంచి మొగుడో అన్నారు."

ఆ చెయ్యి మడిచి, ఇంకో చీటీ అందుకుంది.

"నేను పారిపోయి ఇక్కడ చేరినప్పుడు అది వేరే కంపెనీ, ఇది వేరే కంపెనీ. మీ వాళ్ళు వెళ్ళి దాన్ని కొంటారని నేను కల గన్నానా? కొన్నాక కూడా, పేరు వేరు కదా, ఊరు దూరం కదా అని సర్దిచెప్పుకున్నా. ఈ వయసులో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టే ఓపిక ఎక్కడిది?"

"నాకు తెలీదక్కా."

చీటీల చుట్ట పక్కన పెట్టి నా వైపు చూసింది. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"నీకు చెప్పాను కదా తావ్," అంది.

ఏం చెప్పిందో నాకు గుర్తు రావడం లేదు.

నవంబర్ 7

ఖున్ థనిత్ గదికి వెళ్ళి ఆ గీత తెంచాలని చెప్పాను.

"అది తప్పా?" అన్నాడు.

"తప్పు కాదు. ఇద్దరూ ఒకరే."

"మరి నిజాన్ని తెంచడం దేనికి?"

మొగుడి సంగతి చెప్పాను. మోచెయ్యి సంగతి కూడా. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పాపం," అన్నాడు. "కానీ మొగుడూ పెళ్ళాల గొడవల్ని బట్టి కంపెనీ సమాచారం మార్చుకుంటూ పోతామా? ఇవాళ ఈమె, రేపు ఇంకొకరు. ఆమెకి లావోస్ పని అప్పగిస్తున్నా. పెద్ద పోస్టు. సంతోషపడాల్సిన విషయం. తావ్ అంటే తాబేలే కదయ్యా, నెమ్మదిగా ఆలోచించు."

తెర మీద రెండో ఫోటో పెట్టమన్నది ఈయనే. ఆ నవ్వు మొహం మీద నా కాఫీ పోసేసి వచ్చేయాలనిపించింది. పోయలేదు. చేతులు జోడించి బయటికొచ్చాను. దానికి కూడా కోపంగా ఉంది.

నేనే తెంచేయలేనా అంటే, లేను. వలలో గీత కలపడానికి ఒకరు చాలు. తెంచడానికి ఇద్దరు ఒప్పుకోవాలి, నేనూ ఆయనా. ఎవడి తప్పులు వాడు చెరిపేసుకోకుండా పెట్టిన నియమం అది. పెట్టిందెవరో రాయక్కర్లేదు.

నవంబర్ 8

గుర్తు రావడం లేదు. నిజంగా.

నవంబర్ 11, సోమవారం

డాక్ మేస్త్రీ చమ్నాన్ అన్న మెట్ల దగ్గర పట్టుకున్నాడు. మామూలుగా నన్ను చూస్తే "పైఅంతస్తు తాబేలు కిందికి దిగిందిరోయ్" అంటాడు. ఇవాళ అనలేదు.

"ఖోన్‌కేన్ నుంచి ఒకడు ఫోన్ చేశాడ్రా. లమ్‌డువన్ ఉందా అన్నాడు. ఆ పేరుతో ఇక్కడెవరూ లేరన్నా. 'క్షమించండన్నా, వరిస్సరా' అన్నాడు. ఎంత మర్యాదో. గొంతులో వెన్న పూసుకున్నట్టు."

"షిఫ్టు గానీ చెప్పావా?"

"నేనెందుకు చెప్తా, నాకేమన్నా పిచ్చా? వాడే చెప్పాడు నాకు. పొద్దున షిఫ్టు కదన్నా, మీ వలలో చూశా అన్నాడు."

డ్రైవర్ల ఫోన్లలో కూడా వల తెరుచుకుంటుంది. ఎవరు ఏ పూట డ్యూటీలో ఉంటారో అందరికీ కనిపిస్తేనే ఒకరినొకరు వెతుక్కునే బాధ తప్పుతుందని ఆ గీత కూడా కలిపాం. బాగా పనిచేస్తోంది.

చమ్నాన్ అన్న నా భుజం మీద చెయ్యేశాడు. బరువుగా వేశాడు. "ఆమె నీకు చీటీలు చదవడం నేర్పిందిరా. ఏ చేప ఎన్ని డిగ్రీల్లో ఉండాలో నేర్పింది. క్యాంటీన్లో తన గిన్నెలో గుడ్డు తీసి నీ గిన్నెలో వేసేది. 'ఈ కుర్రాడు కంప్యూటర్ బాగా చేస్తాడు, పైకి తీసుకోండి' అని ఆ థనిత్‌కి చెప్పింది కూడా ఆమే. తెలుసా నీకు?"

తెలుసు.

"మరి తెలిసే చేశావా, తెలీక చేశావా?"

నేను మెట్లెక్కి వచ్చేశాను.

నవంబర్ 12

గుర్తుంది.

వానల్లో, క్యాంటీన్లో. వల పేర్లు జతపరుస్తూ సందేహం ఉన్న చోటల్లా నన్ను అడుగుతుంది: ఇద్దరూ ఒకరేనా? కింద మూడు బొత్తాలు ఉంటాయి. ఔను, కాదు, తర్వాత. ఆ రోజు పొద్దున లమ్‌డువన్, వరిస్సరా వచ్చారు. నాకు నవ్వొచ్చింది. ఇమ్ అక్క ఎదురుగా పళ్ళెం పెట్టుకుని కూర్చుని, "ఏంటక్కా, లమ్‌డువన్ అంట, పువ్వు పేరు, మా నానమ్మల కాలం పేరు" అని ఆటపట్టించాను.

ఆమె చెంచా కింద పెట్టింది. తులసాకు వేసి వేయించిన మాంసం, పైన గుడ్డు. గుడ్డు ఇంకా పగలగొట్టలేదు. "ఆ పేరు చచ్చిపోయింది తావ్," అంది. "లేపకు. లేపితే దాని వెనకాలే ఒకడు వస్తాడు."

ఎవడు అని నేను అడగలేదు. "సరే అక్కా, లేపను" అన్నాను. పైకి వెళ్ళి "తర్వాత" నొక్కాను. "కాదు" నొక్కలేదు. ఎందుకంటే అది నిజం కాదు కదా, వలలో అబద్ధం ఉండకూడదు కదా. అప్పుడు నాకు నేను అలాగే చెప్పుకున్నాను.

మీటింగుకి ముందు శుక్రవారం ఖున్ థనిత్ వచ్చి, అందరూ నోరు తెరుచుకుని చూసే ఉదాహరణ ఒకటి కావాలన్నాడు. నా దగ్గర అలాంటిది ఒక్కటే ఉంది. ఆయన ఇంకా తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. మొదటిసారి నన్ను ఖున్ తావ్ అన్నాడు. నేను "ఔను" నొక్కాను.

అదృష్టం కోసం మార్చుకుని ఉంటుందనుకున్నాను అని పైన రాశాను. అనుకోలేదు.

నవంబర్ 13

గేట్ల దగ్గర వాచ్‌మన్లు తీసే కార్డు వివరాలు కూడా వలలో కలపమన్నాడు ఖున్ థనిత్. బయటివాళ్ళు ఎవరొచ్చినా కార్డు ఇచ్చి లోపలికి రావాలి కదా, ఎవరు ఎప్పుడొచ్చారో తెలుస్తుంది, దొంగతనాలు తగ్గుతాయి అన్నాడు. కలిపాను. పని కదా.

నవంబర్ 14, గురువారం

వాడు వచ్చాడు.

ఖోన్‌కేన్ నుంచి ఖాళీ లారీ తోలుకొచ్చాడు, చేపలు ఎక్కించుకుని వెళ్ళడానికి. ఈ దారి కావాలని తనే అడిగాడంట. ప్లానింగ్ వాళ్ళు వలలో చూశారు. సముద్రపు సరుకు తోలిన అనుభవం ఉందని వల వాడి పేరే ముందు చూపించింది. ఇచ్చేశారు.

పేరు ప్రదిత్. నేను ఎవడో రాక్షసుణ్ణి ఊహించుకున్నాను. సన్నగా, శుభ్రంగా ఉన్నాడు. చొక్కా ఇస్త్రీ మడతలు నలగలేదు. డాక్ మీద అందరికీ చేతులు జోడించాడు. వాళ్ళ వైపు చేసే పుల్లటి మాంసం సాసేజీలు పెద్ద సంచీ నిండా తెచ్చి, అల్లం ముక్కలు, మిరపకాయలు, క్యాబేజీ ఆకులతో సహా బల్ల మీద పరిచి, తినండి తినండి అన్నాడు. తిన్నారు. ఎవరికీ ఏమీ తెలియదు, చమ్నాన్ అన్నకి తప్ప.

ఇమ్ అక్క లేదు. లారీ గేటు దగ్గర కనబడగానే చమ్నాన్ అన్న ఆమెకి తన మందపాటి కోటు తొడిగి, చేపలు గడ్డకట్టించే పెద్ద గదిలోకి పంపి తలుపు వేశాడు. మా మనుషులు ఒక విడతకి కాసేపే ఉంటారు అందులో. వచ్చి వెచ్చని నీళ్ళల్లో చేతులు పెట్టుకుని మళ్ళీ వెళ్తారు. ఆమె లోడింగ్ అయ్యేదాకా ఉంది.

వాడు నన్ను వెతుక్కుంటూ మెట్ల దాకా వచ్చాడు.

"తావ్ అంటే నువ్వేనా తమ్ముడూ? మీటింగులో చూశా. ఎంత తెలివైనోడివి."

"ఏం కావాలి?"

"ఏమీ వద్దు. థాంక్స్ చెబుదామని. ఎన్ని ఊళ్ళు తిరిగానో దానికోసం. వాళ్ళ అమ్మని అడిగినా చెప్పలేదు. గుళ్ళల్లో అడిగా. సోది అడిగా. నువ్వు బొత్తాం నొక్కి చూపించేశావు."

"ఆమె ఇవాళ లేదు."

"వలలో ఉందనుందే?" ఫోన్ తీసి నాకే చూపించాడు. ఆమె పేరు పక్కన పచ్చచుక్క. డ్యూటీలో ఉంది అని. "పోనీలే. బాత్రూముకి వెళ్ళిందేమో. నాకు తొందర లేదు. ఈ దారి నాదే కదా ఇక." నా చేతిలో ఒక సంచీ పెట్టాడు. "నీకోసం వేరేగా కట్టించా. కారం తక్కువ."

తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో తెలియదు. పెద్దవాడు ఇస్తే రెండు చేతులతో తీసుకునే అలవాటు. చేతులు జోడించాను కూడా.

లారీ వెళ్ళాక తలుపు తీశారు. ఆమె వేళ్ళు తెల్లగా పాలిపోయాయి. చమ్నాన్ అన్న నీళ్ళ గిన్నెలో వాటిని పెట్టి రుద్దుతున్నాడు. వణుకుతూనే నన్ను చూసి, "తిన్నావా?" అంది. వెటకారమా, అలవాటా, ఇప్పటికీ తెలియడం లేదు.

సాసేజీలు కాలవలో పారేశాను. ఒకటి తిన్నాక.

నవంబర్ 15

ఇవాళ ఊరంతా నదిలో అరటి దొప్పలు వదిలారు, పూలూ కొవ్వొత్తులూ పెట్టి. ఏడాదంతా నిన్ను మురికి చేశాం క్షమించు తల్లీ అని నీళ్ళకి చెప్పుకుంటారు. అమ్మ నాకూ ఒకటి కొనిచ్చింది. వదల్లేదు. నేను మురికి చేసింది నదిని కాదు.

నవంబర్ 18, సోమవారం

ఇమ్ అక్క చోట ఇంకెవరో చీటీలు అంటిస్తున్నారు.

పర్సనెల్ సెక్షన్‌లో రచనీ పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె ఎప్పుడూ నాకు చింతపండు బిళ్ళలు ఇస్తుంది. ఇవాళ డబ్బా మూత పెట్టేసింది.

"మానేసింది. ఇంకో పేరు, ఇంకో ఊరు, ఇంకో కంపెనీ. జిల్లా ఆఫీసుకి నేనే తీసుకెళ్ళా."

"ఎక్కడ పెద్దమ్మా?"

"నాకు తెలుసు. నీకు తెలియదు. అట్లాగే ఉండనీ."

"నేను క్షమించమని అడగాలి."

"నీ కడుపుబ్బరం తగ్గడానికి దాని అడ్రసు కావాలా?" అంది. గొంతు పెంచకుండానే అంది. "కూర్చుని ఏడుపొస్తే ఏడువు. వెతక్కు. నువ్వు వెతకడం మొదలుపెడితే ఏం జరుగుతుందో చూశాంగా."

నవంబర్ 19

అక్క ఇంకెక్కడో క్షేమంగా ఉంది. అయిపోయింది. అయిపోయింది అనుకుంటే ఒక్కోసారి నిజంగానే అయిపోతుంది.

నవంబర్ 21

వాడు మళ్ళీ వచ్చాడు. ఆమె మానేసిందని చెప్పారు. కోప్పడలేదు. బల్ల మీద కూర్చుని, వల తెరిచి, వరిస్సరా అని కొట్టాడు. పచ్చచుక్క లేదు.

"మళ్ళీ మార్చేసుకుని ఉంటుంది పేరు," అన్నాడు నాతో, తన బిడ్డ అల్లరి గురించి చెప్పినట్టు. "ఫర్వాలేదు. నంబరు మారదుగా. నువ్వే చెప్పావు కదా మీటింగులో. నేను రోజూ చూస్తుంటా. నీకు ముందు కనబడితే చెప్పు తమ్ముడూ."

నేను చెప్పింది నిజమే. అందరి ముందూ, మైకులో, నంబరు మారదు అని చెప్పాను. అప్పుడే రెండోసారి చప్పట్లు కొట్టారు.

నవంబర్ 25, సోమవారం

పొద్దున కంప్యూటర్ తెరవగానే వల అడిగింది: ఇద్దరూ ఒకరేనా?

ఒక పక్క వరిస్సరా. ఇంకో పక్క ఒక కొత్త పేరు. ఆ పేరు రాయను. ఈ పుస్తకంలో కూడా రాయను. ఊరూ రాయను. ఆమె చేరింది మా బ్రాంచీల్లో ఒకదానికి ఐసు తోలే ఒక చిన్న ఫ్యాక్టరీలో. ఆమె ఐసు లెక్క చెప్పి సంతకం పెట్టించుకోవడానికి ఆ బ్రాంచి గేటు దాటి లోపలికి వచ్చింది. వాచ్‌మన్ కార్డు తీసుకుని కార్డులు చదివే యంత్రంలో పెట్టాడు. అది నంబరు చదివింది.

ఆ ఐసు ఎక్కడికి వెళ్తుందో రచనీ పెద్దమ్మకి తెలియదు. ఇమ్ అక్కకి బ్రాంచి గేటు మీద బోర్డు చూశాక తెలిసి ఉంటుంది. అప్పటికే కార్డు ఇచ్చేసి ఉంటుంది. ఆ క్షణంలో ఆమె మొహం ఎలా ఉండి ఉంటుందో అని ఊహించడం మొదలుపెట్టాను, ఆపేశాను.

పదమూడో తేదీన గేటు వివరాలు కలపమన్నాడు, కలిపాను, పని కదా అని రాసుకున్నాను. వెనక్కి తిప్పి చూశాను. అక్షరాలు ఎంత చక్కగా ఉన్నాయో.

"కాదు" నొక్కాను. వెంటనే తెర మీద ఒక గడి వచ్చింది: నంబరు ఒకటే కాబట్టి కాదనడానికి రెండో ఆమోదం కావాలి. రెండో ఆమోదం ఖున్ థనిత్‌ది. కింద ఇంకో వాక్యం. వారంలోపు ఆమోదం రాకపోతే వల తనే కలుపుకుంటుంది. పెండింగులు పేరుకుపోకుండా ఈమధ్యే పెట్టిన నియమం, ఇప్పుడు 'తర్వాత' నొక్కినా అదే గడువు. అది కూడా నాదే. నేను రాసిన ప్రతి నియమం నా మెడకే వచ్చి తగులుకుంటోంది. కానీ ఆ మెడ నాది కాదు, ఆమెది. నాకేమవుతుంది, ఉద్యోగం పోతుంది, అంతే.

వచ్చే సోమవారం పొద్దున అది కలిసిపోతుంది. వాడు రోజూ చూస్తుంటాడు.

నవంబర్ 26

ఖున్ థనిత్ దొరకలేదు. దొరికాడు, లిఫ్టులో. "రాసి పంపు, చూస్తా" అన్నాడు. లిఫ్టు తలుపులు మూసుకుంటుంటే ఫోన్ చూసుకుంటున్నాడు.

చమ్నాన్ అన్నకి చెప్పాను, గేటు సంగతీ, క్యాంటీన్ సంగతీ, అన్నీ. తిడతాడనుకున్నాను. తిట్టాడు. బాగా తిట్టాడు. తర్వాత అన్నాడు: "పెట్టెలు మోసేటప్పుడు పెట్టె జారిందనుకో, ఎవరి చేతిలోంచి జారిందని తర్వాత మాట్లాడుకుంటాం. ముందు కాలు తియ్యమని అరుస్తాం. నువ్వు అరవడం మానేసి మూడు వారాలుగా ఎవరి చేతిలోంచి జారిందో రాసుకుంటున్నావు."

నవంబర్ 27, బుధవారం

ఖున్ థనిత్‌కి పంపింది ఇది. పైవాళ్ళకీ, రచనీ పెద్దమ్మకీ నకళ్ళు పంపాను. ఒకటి నా దగ్గర ఉండాలని ఇక్కడ దించుకుంటున్నాను.

"ఖున్ థనిత్, ఒక మనిషి తను చంపుకున్న పేరుని నేను లేపాను. లేపొద్దని ఆమె నన్ను ముందే అడిగింది. అడిగిందని మీకు చెప్పలేదు. అది నా తప్పు, మీది కాదు. మొగుడి సంగతి మీకు చెప్పాక కూడా గీత తెంచకపోవడం, ఆ దారి వాడికే ఇవ్వడం, గేటు వివరాలు కలిపించడం మీ తప్పులు. నిజాన్ని తెంచడం దేనికి అని అడిగారు. ఆ నిజం మనది కాదు కాబట్టి. ఆమె మనకి అప్పగించింది తన పని, తన చుట్టూ ఉన్న గీతలన్నీ కాదు.

మీ తెర మీద పెండింగులో ఒక ప్రశ్న ఉంది. ఇద్దరూ ఒకరేనా అని. నేను 'కాదు' అన్నాను. అది అబద్ధం. ఆ అబద్ధం మీద నా పక్కన మీ సంతకం కావాలి. పాత రెండు పేర్ల మధ్య గీత కూడా తెంచాలి. గేటు కార్డుల నంబర్లు వలలోంచి పూర్తిగా తీసేయాలి. ప్రదిత్‌ని మహాచాయ్ దారి నుంచీ, ఐసు కొనే ఏ బ్రాంచి దారి నుంచైనా తప్పించాలి. అతని ఫోన్‌లో మనుషుల వెతుకులాట ఆపేయాలి. ఇవన్నీ ఎలా చేయాలో అడుగడుగునా రాసి జతచేశాను. నేను లేకపోయినా ఎవరైనా చేయగలరు. కాబట్టి నన్ను తీసేస్తే పని ఆగిపోతుందన్న భయం మీకు అక్కర్లేదు, నాకూ అక్కర్లేదు.

చేయకపోతే శనివారం ఆమె ఉన్న ఊరి పోలీసు స్టేషన్‌కి వెళ్తాను. సోమవారం తెల్లవారగానే బ్యాంకాక్‌లో వ్యక్తిగత సమాచారం చూసే ప్రభుత్వ ఆఫీసు మెట్ల మీద ఉంటాను. నిందితుల్లో మొదట నా పేరు రాస్తాను, రెండోది మీది. నా అసలు పేరు మీకు తెలియకపోతే వలలో వెతకండి, దొరుకుతుంది.

'చూస్తాను' అనే జవాబు వద్దు. ఔనో కాదో రాయండి. ఎల్లుండి, శుక్రవారం, సాయంత్రం అయిదింటిలోపు."